నాలుగో మిషను పలికింది

దయ్యాలంటే నాకు ఏనాడూ లెక్క లేదు. నేను చదివింది మూడో తరగతి వరకే, అదీ మిషన్ బడిలో. చదువు లేనివాళ్లకు దయ్యాల మీద నమ్మకం ఎక్కువని పట్నం వాళ్లు అనుకుంటారు చూడండి, నా విషయంలో అది తప్పు. మా అత్తగారు పొద్దుగూకాక వాకిట్లోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దనేది. మొదటి రెండు పిలుపులు మనిషివి కాకపోవచ్చని ఆమె భయం. నేను మొదటి పిలుపుకే పలికేదాన్ని. వచ్చినవాళ్లు ఎప్పుడూ చాట కోసమో, ఇంత చింతపండు కోసమో వచ్చిన మనుషులే.

ఒకసారి చర్చిలో పాస్టరు గారు దురాత్మల గురించి చెప్తుంటే అందరూ కళ్లు మూసుకుని వణికారు. నేను మాత్రం, జనమంతా ఒక పక్కనే కూర్చుంటే ఫ్యాన్లన్నీ ఎందుకు తిరుగుతున్నాయని చూస్తూ కూర్చున్నాను. నేను అట్లాంటి మనిషిని.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. ఇది మా ఇంట్లో, పట్టపగలు, నా కళ్ల ముందు జరిగింది. ఎట్లా జరిగిందో ఇప్పటికీ తెలియదు. ఎందుకు బాధ కలిగిందో మాత్రం తెలుసు. అది కూడా రాస్తాను.

మాది బోధన్. మా ఆయన చెరుకు బండ్ల మీద పని చేసేవాడు. చక్కెర ఫ్యాక్టరీ ఆగింది, కొన్నాళ్లకు ఆయనా పోయాడు. నేను నాట్ల ముఠా పెట్టుకున్నాను. వర్ని, రుద్రూర్ వైపు కాలువ నీళ్లు వదలగానే మాకు పని. తెల్లవారుజామున గల్లీ మొదట నిలబడి ఒక్కొక్క ఆడమనిషిని పేరు పెట్టి పిలిచేదాన్ని. పలికితే ఆమె ఆ రోజు పనికి ఉన్నట్టు. పలకకపోతే ఇంకో ఇంటికి పోయి ఇంకో మనిషిని చూసుకునేదాన్ని.

అందులో ఒక అలవాటు ఉండేది. జ్వరమొచ్చో, పిల్లవాడు ఏడ్చో ఒకామె పలకకపోతే, పక్కింటామె ఆమె తరఫున "ఆఁ, వస్తుంది" అని పలికేది. పని పోవద్దని. తరువాత ఈమె లేచి, మొహం కడుక్కుని, పరుగెత్తుకుని వచ్చేది. కొందరు మేస్త్రీలు దీన్ని ఒప్పుకునేవారు. నేను ఒప్పుకోలేదు. పలికిన గొంతు ఎవరిదో నాకు తెలియాలి. నలభై మంది పలికినా ఏది ఎవరి గొంతో చెప్పగలిగేదాన్ని.

సలోమి నా కూతురి కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది. బియ్యం మిల్లుల ముందు లారీలు రోడ్డు మీద వరుస కట్టి పడి ఉండకుండా, డ్రైవర్లు ఫోన్‌లోనే తమ వంతు తీసుకునే ఏర్పాటు ఆ కంపెనీది. మేడ మీద రెండు గదులు. ఒక గదిలో మనుషులు, ఇంకో గదిలో మిషన్లు. సలోమి మాత్రం వారానికి ఒకసారే పోయేది. మిగిలిన రోజులు మా ఇంట్లోనే, కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని పని.

రోజంతా కూర్చుని తెర చూస్తుంటే ఇదేం పని అని ఒకరోజు అడిగాను. చెప్పింది. డ్రైవర్లు అడిగేవన్నీ ముందు ఒక సాఫ్ట్‌వేర్ దగ్గరికి చేరతాయట. దాన్ని లోడ్ బ్యాలెన్సర్ అంటారు. దాని వెనక అయిదు మిషన్లు. వచ్చిన పనిని ఇది ఆ అయిదింటికీ పంచుతుంది. పంచాలంటే ఏది ఉందో ఏది లేదో తెలియాలి కదా. అందుకని కొద్ది సెకన్లకు ఒకసారి ఒక్కోదాన్ని ఉన్నావా అని అడుగుతూనే ఉంటుంది. పలికితే తెర మీద ఆ మిషను గీత పచ్చగా ఉంటుంది. వరుసగా మూడుసార్లు పలకకపోతే ఎర్రగా అవుతుంది. ఇక దానికి పని పంపదు.

"గిది నాట్ల ముఠానే గదనే," అన్నాను.

"గట్లనే అనుకో అవ్వా. నేను మేస్త్రిని కాదు గని, మేస్త్రి పక్కన నిలబడి సూసేదాన్ని."

ఏ మిషను ఎంతసేపు అందుబాటులో ఉంది, ఎప్పుడు లేదు, ఎందుకు లేదు అని సాయంత్రం రిపోర్టు రాసి పంపడం దాని పని. మిల్లుల వాళ్లకు ఆ రిపోర్టే ముఖ్యం. ఏదైనా ఎర్రగా అయితే వెంటనే ఇమ్రాన్‌కు ఫోన్ చెయ్యడం ఇంకో పని.

ఇమ్రాన్ మా బోధన్ పిల్లవాడే. మార్కెట్ వెనక గల్లీలో మూడు తరాలుగా బొంతలు కుట్టే ఇల్లు వాళ్లది. తండ్రి లేడు, తల్లి హలీమా ఇప్పటికీ కుడుతుంది. ఇతను కంపెనీలో మిషన్లు చూసుకునేవాడు. ఎర్రగా అయిందని ఫోన్ వస్తే బండి వేసుకుని నిజామాబాద్ పోయి సరిచేసి వచ్చేవాడు. సెలవు రోజైనా సరే, ఫోన్ వస్తే పోవాల్సిందే. ఆ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు.

పోయేటప్పుడు ఒక్కోసారి మా వాకిట్లో బండి ఆపేవాడు.

"నీ మనవరాలి ఫోనొచ్చిందంటె నాకు బువ్వ దిగదు అవ్వా," అనేవాడు. "ఏదో ఒకటి మూతి ముడుచుకుందన్నట్టే."

"ఎప్పుడూ గా నాలుగోదేనాయె. దాన్ని మార్చరాదుర?"

"సారు కొననియ్యడు. అది ముసల్ది అవ్వా, నీ లెక్కనే. జర ఆలస్యంగ పలుకుతది, గని పలుకుతది."

"నేను ఆలస్యంగ ఎప్పుడు పలికిన్రా?"

నవ్వి బండి తీసేవాడు. మంచి పిల్లవాడు. మా గడపలో చెప్పు కూడా అడ్డంగా విడిచి ఎరగడు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం నాలుగో మిషను ఎర్రగా అయింది. ఇంకా వెలుగు ఉంది కానీ వాన పడుతోంది. సలోమి ఫోన్ చేసింది. నేను పక్కనే బియ్యం చెరుగుతున్నాను. పోతున్నానన్నాడట. ఎడపల్లి దాటాక రోడ్డు మీద ఒక ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. వెనక దీపం లేదు. దాన్ని గుద్దుకుని ఇమ్రాన్ అక్కడే పోయాడు.

నేను పోయి హలీమా పక్కన కూర్చున్నాను.

నాలుగు రోజులు కాకముందే కంపెనీ సారు సలోమికి ఫోన్ చేశాడు. ఆయన పేరు రాయను, సారు అంటే చాలు. ఆ రోజు ఇమ్రాన్ సెలవు, సొంత పని మీద పోతూ పడ్డాడు, కంపెనీకి సంబంధం లేదు అన్నది ఆయన మాట. పని మీద పోతూ చనిపోతే కంపెనీ బాధ్యత, తల్లికి రావాల్సింది వస్తుంది. సొంత పని మీద పోతే ఏమీ లేదు. మధ్యలో అడ్డమున్నది సలోమి రాయాల్సిన ఆనాటి రిపోర్టు ఒక్కటే. పిల్ల ఏడుస్తూ ఉండిపోయి ఆ సాయంత్రం రిపోర్టు పంపలేదు.

సారు చెప్పింది ఇది: నాలుగో మిషనును ఆ రోజు పొద్దున్నే వాడకంలోంచి తీసి పక్కన పెట్టేశామని రాయి. తీసేసిన మిషను ఎర్రగా అయితే ఎవరికీ ఫోన్ చెయ్యాల్సిన పని లేదు. ఫోన్ లేకపోతే ఇమ్రాన్ పోవాల్సిన పని లేదు.

"మరి నేను ఫోన్ జేసిన గద సార్," అందట సలోమి.

"ఒక్క ఊరోళ్లు, ఒక్క ఈడోళ్లు. ఫోన్ల ఏం మాట్లాడుకున్నరో ఎవలకు తెలుసు," అన్నాడట.

ఈ మాట చెప్తూ సలోమి గోడ వైపు తిరిగింది. ఆడపిల్ల నోరు ఎట్లా మూయించాలో ఆయనకు బాగా తెలుసు. చనిపోయిన పిల్లవాడి మీద, బతికున్న పిల్ల మీద ఒకే మాటతో బురద వేశాడు.

సంతకం పెట్టాలా వద్దా అని నన్ను అడిగింది. దాని జీతంతోనే ఇల్లు నడుస్తోంది, నా మోకాళ్లు పొలంలో దిగడం మానేసి ఏళ్లయింది. నేను ఒక్కటే చెప్పాను.

"ఏం రాస్తవో నీ ఇష్టం. గని రాసింది హలీమా ముందర కూసొని సదువాలె. సదువగలిగితె సంతకం పెట్టు."

దానికి కోపమొచ్చింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. రిపోర్టు కూడా రాయలేదు. రేపు, ఎల్లుండి అంటూ సారును తిప్పుతూ వచ్చింది.

ఇంతలో సారు తన మాటకు తగ్గట్టు నాలుగో మిషనును నిజంగానే ఊడబీకించాడు. ఇమ్రాన్ సామాను, అంటే ఒక టిఫిన్ డబ్బా, ఒక రెయిన్‌కోటు తెచ్చుకోవడానికి నేనూ హలీమా ఆఫీసుకు పోయినప్పుడు అది మెట్ల మీద పడి ఉంది, పాత సామాను కొనేవాడికి వేయడానికి. లోపలివన్నీ తీసేశారు. కడుపులో పేగులు తీసేసినట్టు ఖాళీ ఇనుప డబ్బా. బరువు మాత్రం మంచి బరువు. మా ఇంట్లో బియ్యం డబ్బా కింద చెక్క పీటకు చెద పట్టి కూర్చుంది. ఇది పెడితే చెద రాదు, తేమ రాదు అనుకున్నాను. అడిగితే తీసుకుపొమ్మన్నారు. బస్సులో కండక్టరు లగేజీ టికెట్టు అన్నాడు. ఒళ్లో పెట్టుకుంటే లగేజీ ఎట్లా అవుతుందని ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను.

దారి పొడుగునా హలీమా ఆ డబ్బా మీద ఒక చెయ్యి వేసి కూర్చుంది. కొడుకు చేతులు పడిన వస్తువని అప్పుడు నాకు తట్టలేదు, బస్సు కుదుపుకు పట్టుకుందేమో అనుకున్నాను.

ఇక్కడి నుంచి జరిగింది జాగ్రత్తగా రాస్తున్నాను.

డబ్బాను బియ్యం డబ్బా కింద పెట్టాను. దానికి తీగ లేదు, కరెంటు లేదు, లోపల ఏమీ లేదు. సలోమి బల్లకు నాలుగు అడుగుల దూరం ఉంటుంది. తెర మీద నాలుగో గీత ఆ వాన రోజు నుంచీ ఎర్రగానే ఉంది. ఆ గీతను తీసెయ్యమని సారు చెప్పాడు. సలోమికి చెయ్యి రాక ఉంచేసింది.

వారం తిరగకుండానే ఒకరోజు పొద్దున, పది దాటిందేమో, నేను చింతపండు గింజలు తీస్తున్నాను. సలోమి చేతులు బల్ల మీద ఆగిపోయాయి.

"అవ్వా, గిటు రా."

"చేతులకు చింతపండంటుకున్నది, ఏంది జెప్పు."

"జర రా అంటున్న గదా."

పోయి చూశాను. అయిదు గీతలూ పచ్చగా ఉన్నాయి.

నేను మొదట అన్నది, తెర పాడైంది అని. సలోమి మూసి తెరిచింది, ఆపి మళ్లీ పెట్టింది, తన ఫోన్‌లో చూసింది. పచ్చగానే ఉంది. అడిగిన ప్రతిసారీ ఉన్నానని జవాబు వస్తోంది.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ సాఫ్ట్‌వేర్ చూసే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫోన్ చేసింది. ఆయన తేలికగా తీసుకున్నాడు. నాలుగోదాని నంబరు పొరపాటున ఇంకో మిషనుకు ఇచ్చి ఉంటారు, అది దీని తరఫున పలుకుతోంది అన్నాడు. నాకు ఆ మాట బాగా అర్థమైంది. పక్కింటామె పలకడం. అంతే అయి ఉంటుందనుకుని నా చింతపండు దగ్గరికి పోయాను.

కానీ అది కాదని మధ్యాహ్నానికి తేలింది. ఆఫీసులో ఇమ్రాన్ స్థానంలో చేరినాయన మిషన్ల గదిలో నిలబడి, ఇంజనీరు చెప్తుంటే ఒక్కొక్క మిషను తీగ పీకి మళ్లీ పెట్టాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేనూ విన్నాను. ఒకటోది పీకితే ఒకటో గీత ఎర్రగా అయింది, పెడితే పచ్చగా. రెండోది అంతే, మూడోది అంతే, అయిదోది అంతే. నాలుగో గీత మాత్రం ఒక్కసారి కూడా మారలేదు. ఆ గదిలో ఇంకో మిషను లేదు. చివరికి ఇంజనీరు అన్నీ పీకించాడు. నాలుగు గీతలు ఎర్రగా, ఒకటి పచ్చగా. రేపు చూద్దాం మేడం అన్నాడు. ఆయన ఆ తరువాత ఈ విషయం మీద ఫోన్ ఎత్తలేదు.

ఇంకో సంగతి ఉంది. ఎంతసేపటికి పలికిందో కూడా తెర మీద పడుతుందట. మిగిలినవి అడిగీ అడగగానే పలుకుతాయి. నాలుగోది పాతది కాబట్టి ఎప్పుడూ కొంచెం వెనక. ఇప్పుడు వచ్చే జవాబు కూడా సరిగ్గా అంతే వెనకగా వస్తోంది.

"ఇంకోటి పలికితె గింత ఆలస్యం గాదు అవ్వా," అంది సలోమి. "గిది దానిదే. నాకు దాని పలుకుడు ఎరికె."

నలభై గొంతులు గుర్తుపట్టినదాన్ని, నా మనవరాలు ఒక గొంతు గుర్తుపడితే తప్పని ఎట్లా అనను?

భయపడి సలోమి దానికి పని పంపకుండా ఆపింది. కానీ ఆపకముందు ఆ పొద్దున కొన్ని లారీల వంతులు దాని దగ్గరికి పోయాయి. వర్ని నుంచి వచ్చిన ఒక డ్రైవరు దాని చేతి వంతుతోనే మిల్లులో కాటా వేయించుకుని పోయాడు. వంతు సరైనదే. నంబరులో తప్పు లేదు. ఎవరిచ్చారో మాత్రం చెప్పేవాళ్లు లేరు.

ఈ సంగతి హలీమాకు చెప్పొద్దని నేను సలోమికి గట్టిగా చెప్పాను. పిచ్చి ఆశ పెట్టడం పాపం. కానీ మూడోనాడు ఆమె తనంతట తనే వచ్చింది, మావాడు ఏ పని చేసేవాడో ఒక్కసారి చూపించమని. కొడుకు బతికి ఉన్నన్నాళ్లు ఆమెకు చూసే తీరిక లేదు. సలోమి తెర చూపించింది.

"గీ పచ్చగున్నవన్నీ మనోడు సూసేటివా?"

"ఆఁ పెద్దమ్మా."

"గా వానల పోయింది దేనికోసం బిడ్డా?"

సలోమి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. అబద్ధం చెప్పమని నేను చెప్పలేను, నిజం చెప్పమనీ చెప్పలేను. సలోమి నాలుగో గీత మీద వేలు పెట్టింది.

"మరి మంచిగనే ఉన్నది గదా ఇది," అంది హలీమా.

అప్పుడు సలోమి అంతా చెప్పింది. ఊడబీకింది, ఖాళీ చేసింది, అదిగో బియ్యం డబ్బా కింద ఉన్నది అని. హలీమా డబ్బా వైపు చూసింది, తెర వైపు చూసింది. ఏడవలేదు. మూర్ఛపోలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, రేపు కూడా వస్తే మీకేమన్నా ఇబ్బందా అక్కా అని అడిగింది.

ఆ తరువాత రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చేది. సూది, దారం, బొంత ముక్క తెచ్చుకునేది. బియ్యం డబ్బా పక్కన కూర్చుని కుట్టుకుంటూ నడుమ నడుమ తల ఎత్తి తెర చూసేది. పచ్చగా ఉంటే మళ్లీ కుట్టు. అంతే. నేను చాయ్ పెట్టేదాన్ని. మా ఇంట్లో ఒకసారి వాడిన ఆకును పారెయ్యం.

"ఏందక్కా, గిది చాయా, గిలాస కడిగిన నీళ్లా?"

"తాగు. రంగు సూసి తాగుతరా ఎవరన్న?"

"రంగుంటె గదా సూసేటందుకు."

సలోమి అటు తిరిగి నవ్వేది. మా ఇంట్లో చాలా రోజుల తరువాత విన్న నవ్వు అది. నాకు తెలుసు, ఇది ఎక్కువ రోజులు సాగదని.

సారు వచ్చాడు. రిపోర్టు రాలేదని, నాలుగో మిషను అందుబాటులో ఉన్నట్టు తెర మీద కనబడుతోందని, మిల్లు వాళ్లు అడుగుతున్నారని కోపంగా వచ్చాడు. మధ్యాహ్నం వేళ, హలీమా అక్కడే ఉంది. కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు.

"ఏం ఆట ఇది సలోమీ? పీకేసిన మిషను ఎట్ల పలుకుతది? నువ్వే ఇంట్ల కూసొని ఏదో పెట్టినవు. నా మీద కేసుకు సాక్ష్యం తయారు జేస్తున్నవా?"

సలోమి లేచి నిలబడింది. నేను అన్నాను.

"మిషను గిదే ఉన్నది సారూ. పట్టుకొని సూస్కోండ్రి."

ఆయన వంగి, బియ్యం డబ్బాను పక్కకు జరిపి, ఇనుప డబ్బాను బయటికి లాగాడు. మూత తెరిచాడు. లోపల నాలుగు బియ్యం గింజలు, ఒక పురుగు. చెయ్యి పెట్టి మూలమూలలా తడిమాడు. తరువాత దాన్ని తనే ఎత్తుకుని వాకిట్లో ఎండలో పెట్టి వచ్చాడు. తన ఫోన్ తీసి చూశాడు. తన ఫోన్‌లో, తన కళ్లతో. పచ్చగానే ఉంది. సలోమి కంప్యూటరు మూసేయించాడు. మా ఇంట్లో ఇంటర్నెట్ తీగ కూడా తీయించాడు. మళ్లీ చూశాడు, అదే పచ్చ.

ఆయన మొహం చూశాను నేను. చెమట పట్టింది. భయపడ్డాడు. అది నిజం, ఎక్కడైనా చెప్తాను. ఆ క్షణంలో ఆయన మనసు మారుతుందేమో అనుకున్నాను. భయం మనిషిని మంచివాడిని చేస్తుందని విన్నాను. అట్లా ఏమీ కాలేదు.

"సాఫ్ట్‌వేర్ల తప్పున్నది," అన్నాడు. "నువ్వైతే రిపోర్టు ఇయ్యి. ఇప్పుడే. సంతకం పెట్టు, నేను పోత."

సలోమి నా వైపు చూడలేదు. కంప్యూటరు తెరిచి, తీగ పెట్టి, కూర్చుని రాసింది. చాలాసేపు పట్టలేదు. రాసి, హలీమా వైపు కుర్చీ తిప్పుకుని, పైకి చదివింది. అది ఇంగ్లీషులో రాసింది కానీ తెలుగులో చెప్పింది, హలీమాకు అర్థం కావాలని. నాలుగో మిషను ఆ రోజు పొద్దున్నుంచి వాడకంలోనే ఉంది. సాయంత్రం దాకా పలికింది. తరువాత మూడుసార్లు పలకలేదు. నియమం ప్రకారం నేను ఇమ్రాన్‌కు ఫోన్ చేశాను. అతను కంపెనీ పని మీద బయల్దేరాడు. ఇంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

హలీమా సూది బొంతలో గుచ్చి పక్కన పెట్టింది.

"నీ ఉద్యోగం పోతది బిడ్డా," అంది.

"పోనియ్యి పెద్దమ్మా."

సారు గొంతు పెంచాడు. నీదీ ఇమ్రాన్‌దీ సంగతి ఊరందరికీ చెప్తానన్నాడు. నేను లేచి గడప దగ్గర నిలబడ్డాను.

"సెప్పు సారూ. ముందుగాల గీ తల్లి ముందర సెప్పు, తర్వాత ఊరికి సెప్పు. నేనింటున్న."

చెప్పలేదు. దానికి కూడా దమ్ము ఉండాలి. ఫోన్ తీసి, సలోమి రాసినది పోకముందే ఆపాలని ఏదో నొక్కాడు. అది అప్పటికే పోయింది, మిల్లుల వాళ్లకూ ఆయనకూ ఒకేసారి. ఆ కోపంలో ఇంకేదో చేశాడు. తెర మీద నాలుగో గీత బూడిద రంగులోకి మారింది.

"ఏం జేసినవు?" అన్నాను.

"అడుగుడు బంద్ పెట్టిన. ఇగ దాన్ని ఎవ్వలు అడగరు. పచ్చ లేదు, ఎరుపు లేదు."

హలీమా లేచి తెర దగ్గరికి వచ్చింది. చదువు రాని మనిషి, ఆ బూడిద గీతను చాలాసేపు చూసింది.

"లేదా ఇగ?"

"లేదమ్మా. ముందుగాల్నే లేదు. ఉత్తదే."

"అడగకుంట ఎట్ల జెప్తవు సాబ్, లేదని?"

సారు చెప్పులు వేసుకుని కారెక్కాడు. ఇంకాసేపటికి ఆ బూడిద గీత కూడా తెర మీద నుంచి పోయింది. నాలుగే మిగిలాయి. వాటికి వరుసగా కొత్త నంబర్లు పడ్డాయి. అయిదోది నాలుగోదైంది.

మర్నాడు పొద్దున సలోమి కంప్యూటరు తెరిస్తే లోపలికి రానివ్వలేదు. దాని పేరుతో ఎవరూ లేరని చూపించింది. ఉద్యోగం తీసేసినట్టు ఒక్క మాట కూడా ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆ రిపోర్టు పట్టుకుని హలీమా, నేను, సలోమి నిజామాబాద్‌లో తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగాం. కంపెనీ వాళ్లు ఇంకో రిపోర్టు ఇచ్చారు, దాని మీద ముద్ర ఉంది. దాంట్లో నాలుగో మిషను ఆ రోజు పొద్దున్నే తీసేశారు. మా రిపోర్టు రాసింది పనిలోంచి తీసేసిన పిల్ల కాబట్టి, కక్షతో రాసిందని వాళ్ల మాట. ఏ ఆఫీసులో చూసినా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ముద్ర ఉన్నదాన్నే పైన పెడుతున్నారు. పని ఇంకా తెగలేదు. తెగుతుందని నాకు ఆశ లేదు. హలీమా మాత్రం పిలిచిన ప్రతి రోజూ పోతోంది. బొంతల పని వెనకబడింది, కళ్లు కూడా మునుపటిలా లేవు.

సలోమి ఇప్పుడు బోధన్‌లోనే ఒక బట్టల కొట్లో బిల్లులు కొడుతోంది. ఆ విషయం ఎత్తదు. కాటా వేయించుకుని పోయిన ఆ వర్ని డ్రైవరును వెతికి పట్టుకుని సాక్ష్యం అడగాలని నేను అన్నాను. ఏమని అడుగుతాం అవ్వా అంది. నిజమే, ఏమని అడుగుతాం?

తెలిసినవాళ్లు కొందరు చెప్పిన కారణాలు విన్నాను. ఎక్కడో పాత జవాబు దాచి ఉంచి అదే మళ్లీ మళ్లీ ఇచ్చి ఉంటుందని ఒకాయన అన్నాడు. అట్లాగైతే అంతకుముందు అన్ని రోజులు ఎర్రగా ఎందుకు ఉందని సలోమి అడిగింది. చర్చిలో ఒకామె అది ఆ పిల్లవాడి ఆత్మేనని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను అది ఒప్పుకోను. ఇమ్రాన్ చనిపోయాడు, మట్టి వేసిన రోజు మా గల్లీ మగవాళ్లు పోయి వచ్చారు. చనిపోయినవాళ్లు డబ్బాల్లో కూర్చుని లారీలకు వంతులు ఇవ్వరు.

అయితే ఆ డబ్బా పలకలేదని మాత్రం నన్ను అనమంటే అనలేను. పలికింది. సారు ఫోన్‌లో కూడా పలికింది. ఎవరు పలికారో, ఎవరి తరఫున పలికారో నాకు తెలియదు, ఇక ముందు తెలిసే దారి కూడా లేదు. ఇప్పుడు కూడా పలుకుతుందా అని హలీమా అప్పుడప్పుడు నన్ను అడుగుతుంది. నేనేం చెప్పను? అడగడం ఆపేశారు, పలికిందో లేదో చూసే పిల్లనూ తీసేశారు.